బొట్టు కింద దస్కతు

ఇది ఒక మహా ఇతిహాసం. ఇందులో ఒక రాజ్యం కూలుతది. ఒక జాగీర్దారు ఉన్నదంతా ఇడిసిపెట్టి రైలెక్కుతడు. ఒక రథం యజమాని లేక పద్నాలుగేండ్లు చీకట్ల నిలబడుతది. దాని కోసం తండ్రీకొడుకులు గోదావరి దాటి, అడవి దాటి, ఘాటెక్కి, నిజం తెలిసిన ఒకే ఒక్క ముసలాయనను వెతుక్కుంట పోతరు.

ఇట్ల మొదలుపెడితే చదివేటోళ్లు కుదురుగ కూసుంటరని రాసిన. ఉన్నమాట చెప్తే, రాజ్యం కూలిననాడు నాకు ఎనిమిదేండ్లు. ఆ దినం పచ్చి జామకాయలు తిని కడుపునొప్పితోటి పండుకున్న. రథమంటే ఒక నల్లటి విలాయతీ కారు. చీకటంటే మా ఇంటెనక రేకుల షెడ్డు. ఆ కారు వెనక సీట్ల మా అవ్వ, అంటే అమ్మ, పెంచే కోళ్లు గుడ్లు పెట్టేవి. ఆ కారు మా బాపుదేనని ఒక ఆఫీసును ఎట్ల నమ్మించినమో, గంతే ఈ ముచ్చట.

బాపు హుజూరాబాద్ దగ్గరి ఒక జాగీర్దారు దగ్గర డ్రైవరు. ఊరంతా ఆయనను సాబ్ అనేది, మేము గూడ సాబ్ అనే అన్నం. సాబ్ మంచోడా, చెడ్డోడా అని బాపును ఎవరన్న అడిగితే, "బ్రేకు గట్టిగ కొడితే తిట్టేటోడు, పొద్దుగాల అన్నం తిన్నవా అని అడిగేటోడు" అని రెండే ముక్కలు చెప్పేటోడు. అంతకంటె లోతుకు పోయేటోడు కాదు. డ్రైవర్లు వెనక సీటును అద్దంల చూసినంతనే చూస్తరు.

నిజాం సర్కారు పోయిన ఆ నెలల, సాబ్ బేగంను తీసుకొని హైదరాబాద్ పోదామని జమ్మికుంట టేషన్‌కు బయలెల్లిండు. మిట్టమధ్యాహ్నం. కారు నడిపింది బాపు. పక్క సీట్ల మున్షీ. అంటే సాబ్‌కు ఉత్తరాలు, దస్తావేజులు రాసిపెట్టేటాయన. టేషన్ ముందర కారు ఆగింది. సిగ్నల్ పడ్డది. అప్పుడు సాబ్ ఏమనుకున్నడో, మున్షీని పిలిచి, కారు బానెట్ మీదనే ఒక కాయిదం రాయించి, దాని మీద దస్కతు, అంటే సంతకం, పెట్టి బాపు చేతికిచ్చిండు. 'ఈ కారును నా ఇష్టం కొద్ది నా డ్రైవరుకు ఇస్తున్న. ఇగ మీద దీనిల నాకు గానీ, నా తర్వాతోళ్లకు గానీ హక్కు లేదు.' ఉర్దూల నాలుగు లైన్లు. మున్షీ చదివి వినిపించిండు. బాపుకు ఉర్దూ మాట్లాడొస్తది గానీ చదువరాదు. తెలుగు గూడ అంతే.

రైలు పోయింది. సాబ్ మళ్ల రాలే. మూడేండ్లకు, హైదరాబాద్‌ల చనిపోయిండని ఎవరో చెప్పిండ్రు. బేగం ఏ చుట్టాల దగ్గరికి పోయిందో ఎవరికీ తెల్వదు. పిల్లలు లేరు. మున్షీ ఆ దినం టేషన్ నుంచి ఎటు నడిచి పోయిండో, అది గూడ తెల్వదు.

ఆ మూడేండ్లు బాపు కారును సాబ్ కోసమే కాపాడిండు. "కాయిదం రాసిస్తే రాసిచ్చిండు. వచ్చి అడిగితే ఇయ్యనా?" అనేటోడు. సాబ్ పోయిండని తెలిసినంక గూడ ఆ కాపలా అలవాటు పోలే. బతుకుదెరువుకు బియ్యం మిల్లు లారీ నడిపిండు. కారును మాత్రం దసరాకు కడిగి, పూలదండేసి, ఇంజిన్ చాలు చేసి, కొంచెంసేపు తల వంచి దాని చప్పుడు విని బంద్ చేసేటోడు. ఏటా మేమందరం నిలబడి దండం పెట్టేటోళ్లం. కారు ఎటూ పోయేది కాదు. పూజలందుకునేవేవీ ఎటూ పోవు.

కొత్త రాష్ట్రం వచ్చి కొన్నేండ్లయినంక, పాత హైదరాబాద్ నంబర్లున్న బండ్లు ఎక్కడెక్కడ ఉన్నయో రాసుకుంట కరీంనగర్ మోటారు ఆఫీసు మనిషి ఒకాయన మా ఊరికి వచ్చిండు. టీ హోటల్ల కూసొని అడిగిండు. హోటల్లున్న పదిమంది మా షెడ్డు దిక్కు చెయ్యి చూపెట్టిండ్రు. నెల తిరగకముందే నోటీసొచ్చింది. ఇంగ్లీషుల ఉన్నది. నేను అప్పటికి మెట్రిక్ రెండుసార్లు తప్పి, మూడోసారి చదువుతున్నట్టు చెప్పుకుంట తిరుగుతున్న. కాబట్టి ఇంట్ల ఇంగ్లీషుకు నేనే పెద్దదిక్కు.

"ఏమున్నదిరా?" అన్నడు బాపు.

"కారు ఎవరిదో నెలరోజులల్ల రుజువు చెయ్యాలెనట. చెయ్యకుంటే సర్కారు తీస్కపోతదట."

"ఇంకేమున్నది?"

"కారు రంగు నలుపు అని ఉన్నది. యజమాని తెలియదు అని ఉన్నది."

అవ్వ వడ్లు చెరుగుతున్న చాట ఆపలే. "తీస్కపోనియ్యుండ్రి. షెడ్డుల బర్రెను కట్టేస్త. అది పాలన్న ఇస్తది."

బాపు ఆ కాయిదాన్ని నా చేతిల నుంచి తీసుకొని, తల్లకిందులుగ పట్టుకొని చానాసేపు చూసిండు.

"తెలియదు అని ఏడ రాసిండ్రురా?"

నేను వేలుపెట్టి చూపిన.

ఇక్కడ ఒక మాట చెప్పాలె. పద్నాలుగేండ్ల నుంచి హోటల్ల బాపుకు ఒక పేరుండేది. మిల్లు దగ్గర కుర్చీల కూసునే పెద్దమనిషి ఒకాయన పెట్టిన పేరు అది. కారు దొంగ. నవ్వుకుంటనే అనేటోడు. "ఏమే కారు దొంగా, చాయ్ తాగుతవా? సాబ్ ఇచ్చిండో, సాబ్ ఇడిసిపెడితే తోలుకొచ్చినవో, ఎవలకెరుక తియ్." బాపు గూడ నవ్వి చాయ్ తాగేటోడు. ఊర్ల ఒక మాట నవ్వుకుంట పద్నాలుగేండ్లు అంటే, అది నవ్వులాట అవునో కాదో అన్నోనికి గూడ గుర్తుండదు. ఇప్పుడు ఆ మాట సర్కారు కాయిదం మీదికి ఎక్కింది, కొంచెం మర్యాదగ.

"కారు పోతే పోనీరా," అన్నడు బాపు. "గా తెలియదు అన్న మాట తీపియ్యాలె. తీసి నా పేరు రాపియ్యాలె."

సరే, మన దగ్గర కాయిదం ఉన్నది కదా, దానికెంతసేపు అనుకున్నం. కరీంనగర్ పోయినం.

మోటారు ఆఫీసుల పెద్ద గుమాస్తా నిజాం కాలపోడే. ఉర్దూ మంచిగ వచ్చు. బాపు రేకుడబ్బ మూత తీసి, గుడ్డ మడతలు ఇప్పి, కాయిదాన్ని రెండు చేతులతోటి బల్ల మీద పెట్టిండు. గుమాస్తా అద్దాలు పెట్టుకొని చదివిండు. కింది దాకా వచ్చి ఆగిండు.

"ఇదేంది?"

"దస్కతు సార్."

"ఏడున్నది?"

"గా బొట్టు కింద."

కాయిదం అడుగున, సాబ్ దస్కతు ఉండాల్సిన జాగల, రూపాయి బిళ్లంత ఎర్రటి గడ్డ ఉన్నది. పసుపు, దాని మీద కుంకుమ, దాని మీద మళ్ల పసుపు, మళ్ల కుంకుమ. పద్నాలుగు దసరాలు. గుమాస్తా గోరుతోటి మెల్లగ గీకితే పొరతోటి కాయిదం గూడ లేచింది. ఆయన చెయ్యి వెనక్కు తీసుకున్నడు.

"బొట్టు కారుకు పెట్టాలె గదనయ్యా. కాయిదానికి ఎవరన్న పెడ్తరా?"

"కారుకు గూడ పెడ్త సార్."

"సరే, కాయిదానికి పెట్టినవ్. ఇంత పెద్ద కాయిదం ఉన్నది. ఒక మూలకు పెట్టుకోవచ్చు గద. సరిగ్గ చూసి చూసి దస్కతు మీదనే ఎందుకు పెట్టినవ్?"

ఇంత చదువుకున్నాయన ఇంత తెల్వని మాట ఎట్ల మాట్లాడుతున్నడా అన్నట్టు చూసిండు బాపు. "అన్నిట్ల పెద్దది దస్కతే గద సార్. దానికి పెట్టకుంట ఉత్త జాగకు పెడ్తమా?"

సాబ్ దస్కతు ఏదని ఆ దినమే మున్షీని అడిగి, వేలుపెట్టి గుర్తుపెట్టుకున్నడట బాపు. ఒక్క ఏడు గూడ గురి తప్పలే.

గుమాస్తా కాయిదాన్ని మళ్ల చూసిండు. ఈసారి ఇంకోటి దొరికింది. "కింద రాసినోని పేరున్నది, మున్షీ అని ఉన్నది. అది మిగిలింది. కానీ ఇది మున్షీ చేతిరాత కాదు. పాత మున్షీల రాత నాకెరుకె, ముత్యాలు పేర్చినట్టుంటది. ఇది చూడు, ప్రతి అక్షరం వణికింది. దొంగ కాయిదం రాసేటోని చెయ్యే ఇట్ల వణుకుతది."

ఆ మాట అన్నంక ఆయనకే కొంచెం ఇబ్బందయినట్టుంది, బాపు మొఖం దిక్కు చూడలే. బాపు ఈసారి హోటల్ల లెక్క నవ్వలే.

"మున్షీ బతికి ఉన్నడా?" అని అడిగిండు గుమాస్తా.

"తెల్వదు సార్."

"ఉంటే తీసుకరా. వచ్చి సాబ్ దస్కతు నా ముందటనే పెట్టిండని చెప్పాలె. అప్పటిదాకా ఈ ఫైలును అన్నిటి కింద పెడ్త. అది పైకి రావాలంటే చానా దినాలు పడ్తది. నాతోటి అయ్యే సాయం గిదే."

ఆఫీసుల ఫైలు కదలకపోవుడు గూడ ఒక సాయమని ఆ దినం తెలుసుకున్న. తర్వాత జీవితంల సర్కారు ఇట్లాంటి సాయాలు మాకు మస్తు చేసింది.

ఇంటికొచ్చినంక అవ్వ కాయిదం చూసి, "తే, తడిగుడ్డతోటి తుడుస్త" అన్నది. బాపు డబ్బ మూత గట్టిగ పెట్టిండు.

మున్షీని వెతికే పని బాపు తన పద్ధతిల చేసిండు. పత్రికల ప్రకటనలు, పోలీసులు, అవేమీ కావు. లారీలు. మిల్లు దగ్గరికొచ్చే ప్రతి లారీ డ్రైవరుకు ఒకటే మాట చెప్పిండు. సన్నటి మనిషి, ఎడమ చెవు కొంచెం తెగి ఉంటది, మాటకు ముందు గొంతు సవరించుకుంటడు. ఆ డ్రైవర్లు తాము ఆగిన చోటల్ల ఇంకో డ్రైవరుకు చెప్పిండ్రు. ఆ మాట మంచిర్యాల బొగ్గు లారీలకెక్కింది, అక్కడి నుంచి ఆదిలాబాద్ అడవుల కలప లారీలకెక్కింది. ఏడెనిమిది నెలలకు, చలికాలంల, తిరిగి వచ్చింది. జైనూర్‌ల, అల్లుని బట్టల దుకాణంల, తెగిన చెవు ముసలాయన ఒకాయన గజంకట్టెతోటి బట్ట కొలుస్తుంటడట.

రైలెక్కుదామని జమ్మికుంట పోయినం. రైలు రానికి టైముండె. బాపు టేషన్ బయటికి నడిచి, వేపచెట్టు పక్కన ఒక జాగల నిలబడ్డడు.

"గీడనే ఆపిన కారు," అన్నడు. "బేగం దిగేటప్పుడు చెప్పు జారింది. నేను తీసిచ్చిన. సాబ్ చూసిండు. ఆ తర్వాతనే కాయిదం రాయించిండు."

"చెప్పు తీసిచ్చినందుకు కారిచ్చిండా బాపు?"

"ఎందుకిచ్చిండో నాకేమెరుకరా. ఏమన్న ఇయ్యాలె అనుకున్నడు. చేతిల గదే ఉండె."

గోదావరి మీద రైలు పోయేటప్పుడు డబ్బల అందరూ లేచి దండం పెట్టిండ్రు. మంచిర్యాలల నస్పూర్ దిక్కు బొగ్గు పనోళ్లు ఎక్కిండ్రు. కండ్ల చుట్టూ నల్లగ, కాటుక పెట్టినట్టు. ఆసిఫాబాద్ రోడ్డుల దిగి, బస్సుల ఆసిఫాబాద్ పోయి, అక్కడ ఒక కలప లారీ ఎక్కినం. కెరమెరి ఘాటు ఎక్కుతుంటే డ్రైవరు పాట పాడుతుండు. పక్కన కూసున్న బాపు కాలు, కింద లేని బ్రేకును తొక్కుతనే ఉన్నది. దిగినంక పిక్క పట్టేసి కొంచెంసేపు కుంటిండు. ఆ ప్రయాణంల మాకు జరిగిన గాయం అదొక్కటే.

జైనూర్‌ల ఆ దినం అంగడి. గోండులు, మరాఠీ కలిసిన మాటలు, ఎండిన ఇప్పపూల వాసన. బట్టల దుకాణంల ఒక ముసలాయన గజంకట్టె పట్టుకొని చీరగుడ్డ కొలుస్తుండు. బాపు దుకాణం ముందర నిలబడ్డడు. ఆయన కొలుచుడు అయినంక తలెత్తి చూసిండు, గొంతు సవరించుకున్నడు.

"డ్రైవర్," అన్నడు.

"సలాం మున్షీ సాబ్."

"కారు ఉన్నదా?"

"ఉన్నది."

"చాలు అయితదా?"

"అయితది."

పద్నాలుగేండ్ల తర్వాత కలిసిన ఇద్దరు మనుషులు ఒకరి పాణం సంగతి ఒకరు అడుగకముందు కారు సంగతి అడిగిండ్రు. నేను పక్కన ఉన్న, నాకు తెలుసు.

అల్లుడు చాయ్ తెప్పిచ్చిండు. బాపు డబ్బ తెరిచి కాయిదం చూపెట్టిండు. మున్షీ దాన్ని కండ్లకు ఆనిచ్చుకున్నంత దగ్గరగ పట్టుకున్నడు. ఒక కంటికి పొర వచ్చింది. ఎర్రటి గడ్డ దగ్గరికి రాంగనే నవ్విండు.

"సాబ్‌కు బొట్టు పెట్టినవా మియా? ఏటా?"

"ఏటా."

"సాబ్ దేవుడు కాదు డ్రైవర్. నా కండ్లతోటి చూసిన. ఉత్త జాగీర్దారే."

బాపు వచ్చిన పని చెప్పిండు. నోటీసు సంగతి, తెలియదు అన్న మాట సంగతి, గుమాస్తా సంగతి. కరీంనగర్ వచ్చి ఒక్క మాట చెప్తే చాలు అన్నడు. మున్షీ నవ్వు ఎప్పుడు పోయిందో నేను చూడలే. చూసేసరికి లేకుండె.

"సర్కారు మారిన ఆ నెలల నా తమ్ముడు గూడ ఇట్లనే ఒక సర్కారు దఫ్తర్‌కు పోయిండు," అన్నడు. "పేరు రాసిచ్చి పో, గంతే, అన్నరు. పేరు రాసిచ్చి వచ్చిండు. తెల్లారి మళ్ల రమ్మన్నరు. పోయిండు. ఇగ రాలే. అప్పటి నుంచి నేను కలం ముట్టలే. ఈ దుకాణంల గూడ గజంకట్టెనే పట్టుకుంట. ఆ నెల కాయిదం మీద నా పేరున్నదని ఎవరికీ యాద్ చేయకుండ్రి. నీ కాళ్లు మొక్కుత."

బాపు చాయ్ కప్పు కింద పెట్టి, కాయిదాన్ని మడతపెట్టి, గుడ్డల చుట్టి, డబ్బల పెట్టిండు.

"సరే మున్షీ సాబ్. ఇగ ఆ ముచ్చట ఇడిసిపెడుదాం. నేను అడిగింది మర్చిపోండ్రి. చాయ్ మంచిగున్నది."

బయటికొచ్చినంక నేను ఊకుండలే. "బాపు, ఇంత దూరం వచ్చినం. ఇంకోపారి అడుగరాదు? ఇప్పుడు ఎవరేం చేస్తరు? అది వేరే సర్కారు, ఇది వేరే సర్కారు."

"ఆయనకు ఎరుకనా వేరే అని?" అన్నడు బాపు. "నాదేమో పేరు. ఆయనది పాణం. ఏది పెద్దదిరా?"

నేను బాపు చేతిల నుంచి డబ్బ తీసుకొని చంకల పెట్టుకున్న.

తెల్లారి పొద్దుగాల కలప లారీ దగ్గరికి పోతే, దాని పక్కన మున్షీ నిలబడి ఉన్నడు. నల్లటి షేర్వాణీ, మెడ దాకా గుండీలు. పురుగు కొట్టిన బొక్కలు నాలుగైదు. చేతిల చిన్న సంచి. వెనక ఆయన బిడ్డ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, "అబ్బా, నక్కో జావ్ అబ్బా" అని, పోవద్దని బతిమాలుతున్నది. ఆయన ఆమె దిక్కు తిరగలే.

"నిన్న నువ్వు ఇంకోపారి అడిగి ఉంటే నేను వచ్చేటోన్నే కాదు," అన్నడు బాపుతోటి. "చాయ్ మంచిగున్నది అని పోయినవ్. గదేం మాట మియా? చాయ్ మంచిగ లేకుండె. మా అల్లుడు పాలల్ల నీళ్లు పోస్తడు."

ఘాటు దిగేటప్పుడు ఇద్దరు ముసలోళ్ల నడుమ కూసున్న. బాపు బ్రేకు తొక్కుతుండు. మున్షీ పెదవులు కదుపుతుండు, ఏదో చదువుకుంటున్నడో, తన పేరునే నేర్చుకుంటున్నడో నాకు తెల్వదు.

కరీంనగర్ ఆఫీసుల ఆ దినం పై అధికారి ఉన్నడు. కోస్తా నుంచి వచ్చిన పడుచాయన, మాట మెత్తగ ఉంటది. గుమాస్తా మా ఫైలును అన్నిటి కింది నుంచి, మాట తప్పకుంట, దుమ్ము దులిపి తీసిండు. అధికారి కుర్చీ చూపిచ్చిండు. మున్షీ కూసోలే.

"మీ పేరు చెప్పండి," అన్నడు అధికారి, కలం తీసి.

మున్షీ గొంతు సవరించుకున్నడు. ఇంకోపారి సవరించుకున్నడు. బయట ఎవరో సైకిల్ గంట కొట్టిండ్రు. బాపు వెనక నుంచి లేచి వచ్చి, ఆయన పక్కన, భుజం ఆనేటట్టు నిలబడ్డడు. డ్రైవరు యజమాని పక్కన నిలబడ్డట్టు కాదు. బస్సు కోసం నిలబడ్డోళ్ల లెక్క. అప్పుడు మున్షీ పేరు చెప్పిండు. తండ్రి పేరు చెప్పిండు. ఊరి పేరు చెప్పిండు. అధికారి రాసుకున్నడు. ఏమీ కాలే. పైన పంకా తిరుగుతనే ఉన్నది.

"ఈ కాయితం మీరే రాశారా?"

"నేనే రాసిన. సాబ్ నా ముందట దస్కతు పెట్టిండు."

"సార్, చేతిరాత చూడాలె," అని గుమాస్తా తెల్లకాయిదం, కలం ముందర పెట్టిండు. "అవే నాలుగు లైన్లు రాయుండ్రి."

మున్షీ కలాన్ని చానాసేపు పట్టుకొని చూసిండు. రాసిండు. పద్నాలుగేండ్లు కలం ముట్టనోని రాత అంటే ఎవరూ నమ్మరు. ఒక్క గీత వంకర పోలే. ముత్యాలు. గుమాస్తా పాత కాయిదాన్ని పక్కన పెట్టిండు. వణికిన అక్షరాలు, వణకని అక్షరాలు. చిన్నపిల్లలు చూసినా రెండూ ఒకరివి కావనే అంటరు.

"సూసినవా," అన్నడు గుమాస్తా బాపుతోటి. గెలిచినట్టు అనలే. బాధపడ్డట్టే అన్నడు.

ఆ ఒక్క క్షణం నేను గూడ అనుకున్న. చెప్తే పాపం గానీ, అనుకున్న. సాబ్ ఇయ్యకపోతే? బాపే ఎవరితోటన్న రాయించి ఉంటే? బాపు నా దిక్కు చూసిండు. నేను పంకా దిక్కు చూసిన.

మున్షీ పాత కాయిదాన్ని మంచి కన్ను దగ్గర పెట్టుకున్నడు. "అరె," అన్నడు. "రైలు వచ్చే యాళ్ల గద హుజూర్. కారు చాలు మీద ఉండె. బంద్ చేస్తే మళ్ల ముందట హ్యాండిల్ పెట్టి తిప్పాలె, సాబ్ వద్దన్నడు. బానెట్ దడదడ లాడుతుండె. దాని మీద పెట్టి రాసిన."

అధికారి కిటికీల నుంచి బయటికి చూసిండు. ఆవరణల ఆఫీసు జీపు ఉన్నది.

"ఇంజన్ ఆన్ చేయించండి," అన్నడు.

అందరం బయటికొచ్చినం. అర్జీలు రాసేటోళ్లు, లైసెన్సుల కోసం వచ్చినోళ్లు చుట్టూ మూగిండ్రు. డ్రైవరు జీపు చాలు చేసిండు. బానెట్ మీద కాయిదం పెట్టి, ఎడమ చెయ్యితోటి ఎగిరిపోకుంట పట్టుకొని, షేర్వాణీల మున్షీ వంగి నాలుగు లైన్లు రాసిండు. అధికారి రెండు కాయిదాలు ఎండకు పట్టి చూసిండు. ప్రతి అక్షరం తోక దగ్గర అదే వణుకు. నిలువు గీత సగంల అదే ఎగురుడు.

"ఇంజిన్లు వేరు గద సార్," అన్నడు గుమాస్తా. పాతకాలపు మనిషి, అనుమానం ఒక్కసారికి తెగదు.

"వణుకు వణుకేనండీ," అన్నడు అధికారి.

వాంగ్మూలం రాసిండ్రు, మున్షీ దాని మీద దస్కతు పెట్టాలె. కాయిదం బానెట్ మీదనే ఉన్నది. మున్షీ చెయ్యెత్తి జీపు డ్రైవరును ఆపిండు.

"ఇప్పుడు బంద్ చెయ్యి బేటా. ఇది మంచిగ పెడ్త."

ఇంజిన్ ఆగినంక, మెల్లగ, పూర్తిపేరు రాసిండు. తన పేరు చివరి చుక్క దాకా పెట్టిండు.

పెద్దపల్లి బస్సు ఎక్కిచ్చినం ఆయనను, అక్కడ రైలు పట్టుకుంటడని. కిటికీల నుంచి, "డ్రైవర్, ఇగ మీద బొట్టు కారుకే పెట్టు" అన్నడు. బస్సు కదిలినంక బాపు రోడ్డు మీద నిలబడి కండ్లు తుడుచుకున్నడు. ఏమైంది బాపు అంటే, దుమ్ము పడ్డదిరా అన్నడు. నిజంగనే పడ్డది, అది మట్టి రోడ్డు.

ఇంకో మూడు నెలలకు అధికారి మనిషి మా షెడ్డుకొచ్చి, కోళ్లను వెళ్లగొట్టి, ఇంజిన్ నంబరు చూసి రాసుకపోయిండు. ఆ తర్వాత కాయిదం వచ్చింది. కొత్త నంబరు, కొత్త ముద్ర. బాపు నన్ను కూసోబెట్టిండు.

"నా పేరు ఏడున్నది?"

చూపిన.

"దాని ముందట ఏమున్నది?"

"యజమాని అని ఉన్నది."

"తెలియదు అని ఏడన్న ఉన్నదా? మంచిగ చూడు."

రెండు దిక్కులా చూసిన. లేదన్న.

దాన్ని అంగీ జేబుల పెట్టుకొని హోటల్‌కు పోయిండు. గంట తర్వాత వచ్చిండు. కుర్చీ పెద్దమనిషి ఉన్నడా అని అడిగిన. ఉన్నడట. వానలు సక్కగ పడుతలేవని మాట్లాడిండట.

"మరి కాయిదం చూపెట్టినవా?"

"అడుగలే," అన్నడు బాపు. "ఉత్తగ ఎట్ల చూపెడ్త?"

ఆ తర్వాత ఎవరూ బాపును కారు దొంగ అనలే. తప్పైందని గూడ ఎవరూ అనలే. ఊరికి వేరే ముచ్చట దొరికి ఉంటది. బాపుకు అది సరిపోయింది. నాకు సరిపోలే, కానీ పేరు నాది కాదు.

ఆ ఆదివారం బాపు తెల్ల అంగీ తొడుక్కొని, అవ్వను వెనక సీట్ల కూసోబెట్టి కరీంనగర్ దాకా తీసుకపోతనన్నడు. అవ్వ గూడ, ఎన్నడూ లేంది, కొత్త చీర కట్టింది. కారు చాలు అయింది. షెడ్డు తలుపులు రెండూ తీసినం. మేం ఈ కాయిదాల వెంట తిరిగిన ఏడాదిన్నరల పక్కింటాయన తన జాగ చుట్టూ గోడ కట్టుకున్నడు. హద్దు కోసం దారం రెండో కొస పట్టుకున్నది మా బాపే. ఇంజిన్ బంద్ చేసి, అవ్వ దగ్గర రవికెలు కొలిచే టేపు తీసుకొని కొలిచినం. కారు వెడల్పు ఐదు ఫీట్ల ఎనిమిది ఇంచులు. ఆ గోడ పక్క నుంచి రోడ్డెక్కే గల్లీ ఐదు ఫీట్ల నాలుగు ఇంచులు.